కార్ క్లబ్ ట్రిప్‌కు వీల్‌చైర్‌తో: వరంగల్, రామప్ప వెళ్లే ముందు ఏం చూసుకోవాలి

మీరు రాసింది ఇదీ: వెన్నుపూస గాయం టీ10 (ఛాతీ వెనకుండే పూసల్లో పదోది) దగ్గర, కాళ్లలో కదలికా లేదు, స్పర్శా లేదు. మడిచే వీల్‌చైర్ వాడతారు, కారు మీ అన్నయ్య నడుపుతారు. హైదరాబాద్‌లోని మీ కార్ క్లబ్ వాళ్లు నవంబర్‌లో పన్నెండు కార్లతో రెండు రోజులు వరంగల్, రామప్ప వెళ్తున్నారు. "మేమంతా ఉన్నాం కదా, ఎత్తుకుని తీసుకెళ్తాం, వచ్చేయండి" అంటున్నారు. వెళ్లొచ్చా, వెళ్తే ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కాకపోతే క్లబ్ వాళ్లు మనస్ఫూర్తిగా ఇస్తామంటున్న సాయం మీకు అన్నిటికంటే ఆఖరున కావాల్సింది. ముందు కావాల్సినవి మూడు: ఎడమ తలుపు పూర్తిగా తెరుచుకునే పార్కింగ్, ఆగినచోట ముప్పావు గంట టైము, గుమ్మాల కొలతలు. ఇవి మూడూ దొరికితే ఎత్తుకోవాల్సిన అవసరం చాలావరకు రాదు. ఇవి లేకుండా పదిమంది బలమైన మనుషులున్నా మీరు రోజంతా కారులోనే కూర్చుంటారు. హైదరాబాద్ నుంచి వరంగల్ 145 కిలోమీటర్లు, భువనగిరి, జనగామ మీదుగా మంచి హైవే. రోడ్డు మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. ఇబ్బందంతా కారు ఆగాక, దాని చుట్టూ పది గజాల లోపల ఉంటుంది.

టైము సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే క్లబ్బుల్లో ఎక్కువగా చెడేది అక్కడే. మామూలుగా ఘట్‌కేసర్ దగ్గర తెల్లారుజామున అందరూ కలుస్తారు, భువనగిరి దాటాక టిఫిన్, జనగామ దగ్గర టీ, మధ్యలో ఫొటోల కోసం ఇంకో రెండుసార్లు ఆగడం. ప్రతిచోటా "పదిహేను నిమిషాలు" అంటారు. మీ లెక్క వేరు. డిక్కీలోంచి కుర్చీ తీసి చక్రాలు బిగించడానికి ఐదు నిమిషాలు, దిగడానికి ఐదు, బాత్రూం వెతుక్కుని పని చూసుకోవడానికి ఇరవై, మళ్లీ ఎక్కి కుర్చీ సర్దడానికి పది, ఆపైన టిఫిన్. కాబట్టి పదిహేను నిమిషాల ఆగుళ్లు నాలుగు మీకు పనికిరావు. ముప్పావు గంటవి రెండు కావాలి. నాలుగు చిన్న ఆగుళ్లు కలిపితే గంట, రెండు పెద్ద ఆగుళ్లు గంటన్నర, కాబట్టి క్లబ్‌కు పోయేది అరగంటే. ఈ ఒక్క మార్పు ట్రిప్ ప్లాన్ గ్రూపులో పెట్టకముందే అడగండి. ప్లాన్ ఖరారయ్యాక అడిగితే అది "మీ కోసం మార్చడం" అయిపోతుంది.

కాన్వాయ్‌లో మీ కారు రెండో స్థానంలో ఉండాలి. "నెమ్మదిగా రండి, స్వీప్ కారు మీ వెనకే ఉంటుంది" అని ఆఖర్న పెడతారు (ఎవరూ వెనకబడకుండా చూసుకునే చివరి కారు అది), ఒప్పుకోకండి. కాన్వాయ్‌లో ముందు కారు కాస్త వేగం తగ్గిస్తే ఆ తేడా ఒక్కో కారుకీ పెరుగుతూ వెనక్కి వస్తుంది. ఆఖరి కారు ఒకసారి గట్టిగా బ్రేకు కొడుతూ, మరోసారి అందుకోవడానికి తొక్కుతూ పోవాల్సొస్తుంది. నడుం మీద పట్టు తక్కువున్నవాళ్లకు ఆ కుదుపు గంటలోనే అలసట తెస్తుంది. పైగా ఆఖర్న చేరితే పార్కింగ్‌లో గోడవారగానో గుంతలోనో మిగిలిన చోటే దక్కుతుంది. మీరు దిగేసరికి అందరూ చేతులు కడుక్కుంటూ ఉంటారు. రెండో కారైతే హోటల్ ముందు చదునైన చోటు చూసుకుని ఆపొచ్చు. ఇంకొకటి: ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి ఆపకూడదు, ఆపడం ప్రమాదం కూడా. అది ఎక్కకముందే మూత్రం పని పూర్తిచేసుకోండి.

ఇప్పుడు దిగడం, ఎక్కడం. మీరు కూర్చునేది ముందు ఎడమ సీటు. ఆ తలుపు పూర్తిగా తెరిచి పక్కన కుర్చీ పెట్టాలంటే కారుకు ఎడమవైపు కనీసం మీటరున్నర ఖాళీ, గట్టి నేల కావాలి. కంకరలో కుర్చీ ముందు చక్రాలు దిగబడతాయి. రోడ్డువార ఆపితే నేల ఎడమకు వాలి ఉంటుంది, కుర్చీ కారు నుంచి దూరంగా జారుతుంది. అలాంటిచోట ఇంకో మనిషి కుర్చీని వెనకనుంచి పట్టుకునే ఉండాలి, బ్రేకు ఉంది కదా అని వదలకూడదు.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. కుషన్‌తో కలిపి మీ కుర్చీ నేలనుంచి సుమారు 50 సెంటీమీటర్లు ఉంటుంది. వ్యాగనార్ లాంటి కార్ల సీటు దానికి దగ్గరగా వస్తుంది. పెద్ద ఎస్‌యూవీల్లో సీటు 65, 70 దాకా పోతుంది. ఆ పదిహేను, ఇరవై సెంటీమీటర్లు పైకి ఎగబాకడం చేతులతో ఒకసారి చేయొచ్చు, రోజుకు ఎనిమిదిసార్లు చేస్తే భుజాలు పోతాయి. క్లబ్‌లో ఎవరో ప్రేమగా "మా పెద్ద బండిలో రండి, హాయిగా ఉంటుంది" అంటారు. హాయి కూర్చున్నాక సంగతి. మీ అన్నయ్య కారు అలవాటైనదైతే అదే మేలు.

సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వీపు భాగం కొంచెం వాల్చి, కుర్చీని సీటుకు ఓ ముప్పై డిగ్రీల కోణంలో ఆనించండి. కారువైపు చేతిపట్టె తీసేయాలి, పాదాల పలకలు పక్కకు తిప్పాలి. కుర్చీలోంచి సీటు మీదకు జరగడానికి చెక్క పలక వాడితే దాని మూడోవంతైనా కారు సీటు మీద, మూడోవంతు మీ తొడ కింద ఉండాలి. కొద్దికొద్దిగా ఒళ్లు పైకి లేపుతూ జరగండి, ఈడ్చుకోవద్దు. ఈడిస్తే పైకి ఏమీ కనిపించకుండానే లోపల చర్మం నలుగుతుంది, ఆ రాత్రికో మర్నాటికో ఎర్రబడి బయటపడుతుంది. తల పైచట్రానికి తగలకుండా ముందుకు వంచి లోపలికి పోవాలి.

ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మన దగ్గర వీల్‌చైర్ల బ్రేకు చాలావాటికి టైరు మీద ఒత్తుకుని పట్టేదే. టైరులో గాలి తగ్గితే టైరు లోపలికి నొక్కుకుపోతుంది, బ్రేకు కడ్డీ పూర్తిగా వేసినా చక్రం తిరుగుతుంది. మీరు బరువంతా కారువైపు వేసిన క్షణంలో కుర్చీ వెనక్కి జరిగి, కుర్చీకీ సీటుకీ మధ్యన పడతారు. ఎక్కేటప్పుడు జరిగే ప్రమాదాల్లో ఇది ముఖ్యమైనది, దీనికి మందు గాలి కొట్టడమే. బయల్దేరే ముందురోజు గాలి నింపి, బ్రేకు వేసి, మీ అన్నయ్యను కుర్చీ గట్టిగా తోయమనండి. కదిలితే బ్రేకు బోల్టు వదులుచేసి టైరుకు దగ్గరగా జరిపి బిగించాలి.

గాలి దగ్గరే ఇంకో చిక్కు. క్లబ్‌లో ప్రతి కారులోనూ గాలి కొట్టే పంపు ఉంటుంది, కానీ అది కారు వాల్వుకే పడుతుంది. ఇక్కడ దొరికే చాలా కుర్చీల ట్యూబులకు పాత సైకిల్ వాల్వు ఉంటుంది. సైకిల్ షాపులో మార్పిడి ముక్క దొరుకుతుంది, చిన్న వస్తువే, అది జేబులో లేకపోతే పన్నెండు పంపులున్నా ఒక్కటీ పనికిరాదు. ఎంత గాలి పట్టాలో టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది. కారుకంటే ఎక్కువే ఉంటుంది, కానీ ట్యూబు చిన్నది కాబట్టి కారు పంపుతో కొన్ని సెకన్లలోనే నిండిపోతుంది. కొంచెం కొంచెంగా ఆపి చూస్తూ కొట్టండి. ట్యూబు కొనేటప్పుడు "24 అంగుళాలు" అంటే చాలదు. ఒకే 24 అంగుళాల పేరుతో రెండు మూడు రిమ్ము కొలతలున్నాయి. పాత టైరు మీదున్న అంకెలు మొత్తం ఫొటో తీసి చూపించండి. ఒక స్పేరు ట్యూబు, 4, 5, 6 మిల్లీమీటర్ల ఎల్ కీలు, 10, 13 నంబరు స్పానర్లు తీసుకెళ్లండి.

కుర్చీ ఎప్పుడూ మీరున్న కారులోనే ఉండాలి. డిక్కీ పెద్దదని వేరే కారులో పెడతారు, తర్వాత ఆ కారు దారి తప్పుతుంది, లేదా పెట్రోలు బంకు దగ్గర ఆగిపోతుంది. మీరు హోటల్ ముందు అరగంట కారులోనే ఉండిపోతారు. సామాను అన్నిటికంటే ఆఖర్న కుర్చీ ఎక్కాలి, ముందు దిగాలి. దానిమీద బ్యాగులు పెట్టనివ్వకండి, పుల్లలు వంగుతాయి. పదిహేను, పద్దెనిమిది కిలోల ఇనుప చట్రం హ్యాచ్‌బ్యాక్‌లో కట్టకుండా పెడితే గట్టి బ్రేకుకు వెనక సీట్లోవాళ్ల తలల మీదకు వస్తుంది, కాబట్టి డిక్కీలో కొక్కాలకు పట్టీతో బిగించాలి. సీఎన్‌జీ సిలిండరున్న కారైతే డిక్కీలో చోటు మిగలదు, ముందే పెట్టి చూసుకోండి. సాయానికి వచ్చేవాళ్లు తెలియక చేతిపట్టెలు పట్టుకుని కుర్చీ ఎత్తుతారు, అవి ఊడొస్తాయి. కుర్చీ పని ఒకే మనిషికి అప్పగించి, ముందురోజు సాయంత్రం రెండుసార్లు విప్పించి బిగింపించండి. రోజుకొకరు, ఆగినచోటల్లా ఒకరు అయితే పాదాల పలక ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది.

కారు సీట్లో గంటలకొద్దీ కూర్చోవడం మీ కుర్చీలో కూర్చోవడం లాంటిది కాదు. కారు సీటు అంచులు తొడలను లోపలికి ఒత్తుతాయి, బరువు పిర్రల ఎముకల మీద, తోక ఎముక మీద పడుతుంది. పల్చటి కుషన్ సీటు మీద వేసుకోవచ్చు. కానీ తల పైకి తగలకూడదు, బెల్టు కటి ఎముకల మీద కిందుగానే ఉండాలి, పొట్ట మీదకు ఎక్కకూడదు. సీటును పడకలా వాల్చి కూర్చుంటే బ్రేకు కొట్టినప్పుడు ఒళ్లు బెల్టు కిందనుంచి జారుతుంది. ఛాతీ దగ్గర వెడల్పు పట్టీ కట్టుకుంటే కుదురుగా ఉంటారు, కానీ అది సీటు బెల్టుకు బదులు కాదు. అరగంటకొకసారి రెండు నిమిషాలు ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోండి. ఫోనులో అలారం పెట్టుకోండి. కబుర్లలో పడితే గుర్తుండదు, ఒంటికి తెలియదు కదా. పాదాల దగ్గర హీటరు వేయనివ్వకండి. ఎండలో ఆగిన కారులో జెల్ కుషన్ గానీ, బెల్టు బకిల్ గానీ కాలేంత వేడెక్కుతుంది, చేత్తో చూసి కూర్చోండి.

మూత్రం సంగతి. ట్రిప్ అంటే నీళ్లు తాగడం మానేసేవాళ్లు ఎక్కువ. అదే పెద్ద తప్పు, ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది, మలబద్ధకమూ తోడవుతుంది. మామూలుగా తాగండి, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి క్యాథెటర్ (మూత్రం తీసే సన్నటి గొట్టం) వేసుకునే మీ టైము చుట్టూనే ఆగుళ్లు పెట్టించండి. కాలికి సంచి కట్టుకునేవాళ్లు మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయాలి, పూర్తిగా నిండితే బరువుకు గొట్టం లాగుతుంది. టోల్ ప్లాజాల దగ్గర వికలాంగులకు వేరే టాయిలెట్ ఉన్నచోట కూడా తాళం వేసి ఉండడం మామూలే. మీ కారు చేరేలోపు తాళంచెవి తెప్పించే పని అందరికంటే ముందు పోయే లీడ్ కారులోవాళ్లకు అప్పగించండి. ఎక్కడా కుదరకపోతే కారులోనే, పొడుగు గొట్టమున్న రెండు లీటర్ల సంచితో, ఒళ్లో దుప్పటి కప్పుకుని చేసుకోవచ్చు. దానికి తలుపుకు అడ్డంగా పట్టే రెండు పాత చీరలు, చేతులు శుభ్రం చేసుకునే సామగ్రి, లెక్కకు రెండింతల క్యాథెటర్లు డిక్కీలో కాకుండా మీ చేతికందేచోట పెట్టుకోండి. ఆడవాళ్లయితే ఈ పనికి సాయం ఎవరో ముందే మాట్లాడుకోవాలి, అక్కడికెళ్లాక కాదు. రోజూ మలవిసర్జనకు ఏ టైము అలవాటో ఆ టైము ట్రిప్ కోసం మార్చకండి. తెల్లవారుజామున బయల్దేరడం దానికి అడ్డమైతే మీ కారు అందరినీ టిఫిన్ దగ్గర కలుస్తుంది, అంతే.

హోటల్‌కు ఫోన్ చేసి "వీల్‌చైర్ వస్తుందా" అని అడిగితే "వస్తుంది సార్" అనే అంటారు. అబద్ధం కాదది, వాళ్ల దృష్టిలో లిఫ్టు ఉంటే వచ్చినట్టే. అందుకని ప్రశ్న మార్చండి: బాత్రూం తలుపు తెరిచి, ఖాళీకి అడ్డంగా టేపు పట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. 18 అంగుళాల సీటున్న కుర్చీ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలుంటుంది. బాత్రూం తలుపు "రెండున్నర అడుగులు" అన్నా చట్రం మందం, తెరిచిన తలుపు మందం పోగా 24, 25 అంగుళాలే మిగులుతాయి. అంగుళం తేడాతో రాత్రంతా తిప్పలు. ఇంకో ఫొటో బాత్రూం గడపది, ఎత్తు తెలిసేలా. మూడోది లిఫ్టు తలుపుది. నాలుగోది హోటల్ ముందు మెట్లది. కుర్చీ లోపలికి పోకపోతే గుమ్మం దగ్గరనుంచి లోపల వేసిన ఇంకో కుర్చీకి మారడం ఒక దారి. తడి టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు జారి విడిపోతాయి, కాబట్టి రబ్బరు తొడుగులున్న స్నానం కుర్చీ ఇంటినుంచే తీసుకెళ్లండి, గోడకు ఆనించి వేయించండి. కమోడ్ మీ కుర్చీకంటే బాగా కిందుగా ఉంటుంది. దిగడం తేలిక, పైకి రావడమే కష్టం, అప్పుడు మనిషి దగ్గర ఉండాలి. వేడినీళ్లు ముందు చేత్తో చూసుకోండి, కాళ్లకు తెలియదు.

చూసే చోట్లకొద్దాం. వరంగల్ కోటలో కీర్తి తోరణాలు నేలమట్టంగా, విశాలమైన ఆవరణలో ఉన్నాయి. ఆ రెండు రోజుల్లో మీరు ఎక్కువసేపు గడపాల్సిన చోటు అదే. క్లబ్‌వాళ్లు దాన్ని అరగంటలో ముగించి గుడులకు పోవాలనుకుంటారు, గంటన్నర అడగండి. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది, పీఠం మీద ఉంటుంది. రామప్ప 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వరంగల్‌నుంచి ములుగు మీదుగా మరో 65, 70 కిలోమీటర్లు. ఆ గుడి నక్షత్రాకారపు పీఠం దాదాపు ఆరడుగుల ఎత్తు.

ర్యాంపు లెక్క ఇక్కడ అర్థమవుతుంది. ఎత్తు ఒకటికి పొడవు పన్నెండు ఉండాలన్నది నియమం. ఆరంగుళాల ఒక్క మెట్టుకు ఆరడుగుల ర్యాంపు, వెనకనుంచి తోసేవాళ్లుంటే నాలుగడుగులతో గడిపేయొచ్చు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, కింద పొడుగునా రెండు చెక్క పట్టీలు కొట్టిస్తే టిఫిన్ హోటళ్ల దగ్గర బాగా పనికొస్తుంది. ఆరడుగుల పీఠానికి మాత్రం డెబ్భై రెండడుగుల ర్యాంపు కావాలి. అది ఎవరూ తీసుకెళ్లలేరు. రామప్పలో ఎత్తుకోవడం తప్పదు, లేదా కిందనుంచే చుట్టూ తిరిగి చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, చూడాలి. కిందనుంచి చూడడం తక్కువేమీ కాదు, అవి చూరు ఎత్తులో ఉన్నవే. ఒక బైనాక్యులర్ తీసుకెళ్లండి.

ఎత్తించుకుంటే పద్ధతి ఇది. మెట్లెక్కేటప్పుడు కుర్చీ వీపు మెట్లవైపు ఉండాలి. బలమైన మనిషి పైన వెనక పిడులు పట్టుకుని కుర్చీని వెనక్కి వాల్చాలి, ఇంకో ఇద్దరు కింద చెరోవైపు చట్రం కడ్డీని పట్టుకోవాలి. పాదాల పలకనూ చేతిపట్టెనూ పట్టుకోకూడదు. పెద్ద చక్రాలు మెట్టుకు ఆనించి, పైనున్న మనిషి లెక్క చెబుతూ ఒక్కో మెట్టు దొర్లించాలి. దిగేటప్పుడు మీ ముఖం కిందికి, కుర్చీ వెనక్కి వాలి, అదే మనిషి వెనక. నలుగురు నాలుగు మూలలా పట్టి గాల్లోకి లేపితే మెట్ల మీద ఒకరి అడుగు తప్పినా అందరూ పడతారు. నడుము బెల్టు కట్టుకోకుండా ఎత్తనివ్వకండి. ఇష్టం లేకపోతే వద్దని గట్టిగా చెప్పండి, ఎవరి ఉత్సాహం కోసమూ ఒప్పుకోనక్కర్లేదు. గుడి ఆవరణలో చెప్పులు విప్పమంటారు. మధ్యాహ్నం నల్లరాయి కాలుతుంటుంది. స్పర్శలేని పాదం పలక మీదనుంచి జారి నేలకు రాసుకుంటే బొబ్బలెక్కేదాకా తెలియదు. పాదాలను గుడ్డతో పలకకు కట్టుకోండి. కొన్ని గుళ్లలో సొంత కుర్చీ రానివ్వక వాళ్ల కుర్చీ ఇస్తారు, అప్పుడు మీ కుషన్ దానిమీదకు మార్చుకోండి.

టోల్ సంగతి కూడా చెప్పాలి. జాతీయ రహదారుల మీద రుసుము మినహాయింపు వికలాంగుల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన వాహనానికే. వీల్‌చైర్ వాడే మనిషి కూర్చున్నంత మాత్రాన మామూలు కారుకు వర్తించదు. టోల్ బూత్ దగ్గర వాదించి కాన్వాయ్ ఆపొద్దు. దారిలో ఏదైనా అయితే హైవే హెల్ప్‌లైన్ 1033, అంబులెన్సుకు 108.

మీది టీ10 కాబట్టి ఈ మాట మీకు అంతగా వర్తించదు, కానీ టీ6, ఆపైన గాయమున్నవాళ్లు వెంట ఉంటే క్లబ్ అంతటికీ తెలిసి ఉండాలి. హఠాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పడితే అది ఎండదెబ్బ అనుకుని పడుకోబెట్టకూడదు. రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతున్న గుర్తు అది. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టు, బట్టలు వదులుచేసి, ముందు మూత్రపు గొట్టం మడతపడిందా, సంచి నిండిందా చూడాలి. ఎక్కువసార్లు కారణం అదే. నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికే. వాళ్ల శరీరం గాయం కింద చెమట పట్టదు కాబట్టి ఎండలో నీళ్ల స్ప్రే కూడా కావాలి.

మొదటి రాత్రి హోటల్లో పడుకునే ముందు, చిన్న అద్దంతోనో అన్నయ్య చేతనో పిర్రలు, తోక ఎముక, మడమలు, చీలమండలు చూపించుకోండి. ఎర్రమచ్చ కనిపిస్తే బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని అరగంటయ్యాక మళ్లీ చూడండి. పోతే భయం లేదు. పోకపోతే ఆ చోట మళ్లీ కూర్చోకూడదు, అంటే మర్నాడు రామప్ప మానుకుని, వెనక సీటు మొత్తం మీద పక్కకు ఒత్తిగిలి పడుకుని, బెల్టులు వీలైనంతవరకు పెట్టుకుని నెమ్మదిగా ఇంటికి రావడమే. అందుకే మీ కారులో ఇంకెవరినీ ఎక్కించుకోవద్దు, క్లబ్ సామాను పెట్టనివ్వద్దు, హోటల్ రెండో రోజు లెక్క కూడా మీ గదిది విడిగా ఉంచమని ముందే చెప్పండి.